60 షాట్ల ఎయిర్ పిస్టల్ మ్యాచ్: ముందే ఎలా వేసి చూసుకోవాలి, తర్వాత ఎలా సరిదిద్దుకోవాలి

విజయవాడలో ఎయిర్ పిస్టల్ నేర్చుకునేవాళ్లలో చాలామంది కాలేజీయో ఆఫీసో అయ్యాక సాయంత్రం రేంజ్‌కి వస్తారు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. పిస్టల్ తీసి, పక్క లేన్‌వాళ్లతో మాట్లాడుతూ ఒక 40 షాట్లు వేసి, బాగా పడిన టార్గెట్ కార్డు ఫోటో తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. హైదరాబాద్‌లో జరిగిన ఒక మ్యాచ్‌లో నా మొదటి నాలుగు సిరీస్‌లు (సిరీస్ అంటే పది షాట్లు, నూటికి స్కోర్) 93, 94, 92, 93 వచ్చాయి. అయిదోది 87, ఆరోది 84. ఇంటికొచ్చి డైరీ తిరగేశాను. ఆ ఏడాది మొత్తం మీద ప్రాక్టీస్‌లో 41వ షాట్ వేసిన రోజు ఒక్కటీ లేదు.

షాట్లు ప్రాక్టీస్ చేయడం వేరు, మ్యాచ్ ప్రాక్టీస్ చేయడం వేరు. మొదటిది అందరం చేస్తాం. రెండోది ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎయిర్ రైఫిల్‌వాళ్లకి కూడా షాట్లు, టైము ఇవే కాబట్టి చాలావరకు పనికొస్తుంది.

ముందు మ్యాచ్ లెక్క నోటికి రావాలి

10 మీటర్ల మ్యాచ్ అంటే 60 షాట్లు, పదేసి చొప్పున 6 సిరీస్‌లు. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే 75 నిమిషాలు, కాగితం టార్గెట్లయితే 90 నిమిషాలు. దానికి ముందు ప్రిపరేషన్, సైటింగ్ కలిపి 15 నిమిషాలు ఇస్తారు. ఆ 15 నిమిషాల్లో సైటర్లు, అంటే గురి సరిచూసుకునే షాట్లు, ఎన్నైనా వేసుకోవచ్చు, అవి స్కోర్‌లోకి రావు. పిస్టల్ టార్గెట్‌లో టెన్ రింగ్ (పది పాయింట్లు వచ్చే మధ్య వలయం) వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు చొక్కా గుండీ అంత.

75 నిమిషాల్లో 60 షాట్లంటే ఒక్కోదానికి నిమిషం పావు. పిస్టల్ ఎత్తడం, వేయడం, దించడం, మళ్లీ లోడ్ చేయడం కలిపి మీకు 45 సెకన్లు పడుతుందనుకుందాం. 60 షాట్లూ 45 నిమిషాల్లో అయిపోతాయి, ఇంకా 30 నిమిషాలు చేతిలో ఉంటాయి. కొత్తవాళ్లు ఈ అరగంట తమదని గుర్తించకుండా పరుగు పెడతారు. ప్రాక్టీస్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మీ ఒక్క షాట్ ఎన్ని సెకన్లు పడుతోందో ముందు తెలుసుకోండి. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా ప్లాన్ అంతా దాని మీద వేసుకోవచ్చు.

రెండు రూల్స్ మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. సైటింగ్ టైమ్ అయిపోయిందని ‘స్టాప్’ చెప్పాక, ‘మ్యాచ్ ఫైరింగ్, స్టార్ట్’ అనేలోపు షాట్ వేస్తే పెనాల్టీ పడుతుంది. మ్యాచ్ మొదలయ్యాక పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ గుండు) పెట్టడం మర్చిపోయి గాలి వదిలేస్తే అది సున్నా. ఈ రెండో తప్పు అలసటలో, 45వ షాట్ దాటాక జరుగుతుంది. పెల్లెట్ పెట్టినప్పుడు వేలితో తాకి చూడటం ప్రతి షాట్‌కీ అలవాటు చేసుకుంటే ఇది జరగదు.

ఇంట్లో గోడ దగ్గర

రోజూ రేంజ్‌కి వెళ్లడం కుదరదు కాబట్టి సగం మ్యాచ్ ఇంట్లోనే తయారవుతుంది. ముందు భద్రత: డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసే గదిలో పెల్లెట్ల డబ్బా ఉండకూడదు. బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసుకోండి. పిస్టల్‌ని డ్రై ఫైర్ మోడ్‌లో పెట్టండి. మీరు గురిపెట్టే వైపు తలుపు గానీ కిటికీ గానీ ఉండకూడదు, గోడ మాత్రమే ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గది గడియ వేసుకోండి.

పిస్టల్ టార్గెట్‌లో నల్ల భాగం వెడల్పు 59.5 మిల్లీమీటర్లు. మన అపార్ట్‌మెంట్ హాల్లో 10 మీటర్లు దొరకదు. 5 మీటర్లు దొరికితే నల్ల చుక్క 30 మిల్లీమీటర్లు పెట్టుకోండి, 3 మీటర్లే దొరికితే 18. అప్పుడు కంటికి అది రేంజ్‌లో కనిపించినంతే కనిపిస్తుంది. ఎత్తు విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. రేంజ్‌లో టార్గెట్ మధ్య భాగం షూటర్ నిలబడే నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇంట్లోనూ అదే ఎత్తులో అంటిస్తే చెయ్యి మామూలుకన్నా కిందికి వాలుతుంది. మీ కన్ను 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే, 5 మీటర్ల దగ్గర చుక్క 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. చెయ్యి వాలే కోణం రేంజ్‌లోలాగే ఉండటం ముఖ్యం. భుజం గుర్తుపెట్టుకునేది దాన్నే.

ఇంట్లో వారానికి మూడు రోజులు, రోజుకి 30 డ్రై షాట్లు చాలు. అయితే ఆ ముప్పైకీ మ్యాచ్ టైమ్ పెట్టండి. టీవీ చూస్తూ చేసే డ్రై ఫైరింగ్ వల్ల ఉపయోగం లేదు.

మూడు వారాల ముందు నుంచి పూర్తి మ్యాచ్

మ్యాచ్‌కి మూడు వారాలుందనగా వారానికి రెండు రోజులు పూర్తి మ్యాచ్‌కి కేటాయించండి. మిగతా రోజుల్లో మీ కోచ్ చెప్పిన పని చేసుకోండి. ఆ రెండు రోజులు మాత్రం మధ్యలో కోచ్ కూడా మాట్లాడకూడదు.

మీ డీటెయిల్ (మ్యాచ్‌లో మీ బ్యాచ్ వంతు) ఉదయం 8 గంటలకైతే ప్రాక్టీస్ మ్యాచ్ కూడా ఉదయం 8కే వేయండి. సాయంత్రం ఏడింటికి తప్ప పిస్టల్ పట్టుకోని చెయ్యి పొద్దున్నే వేరే చెయ్యిలా ఉంటుంది. ఆదివారం పొద్దున రేంజ్ తెరిచేవాళ్లని ముందే అడిగిపెట్టుకోండి, ఎవరూ కాదనరు.

కమాండ్స్ అన్నీ ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డ్ చేసుకోండి. ‘ప్రిపరేషన్ అండ్ సైటింగ్ టైమ్, స్టార్ట్’ దగ్గర మొదలు. పద్నాలుగున్నర నిమిషాలకి ‘థర్టీ సెకండ్స్’, పదిహేనుకి ‘స్టాప్’, కొంచెం ఆగి ‘మ్యాచ్ ఫైరింగ్, స్టార్ట్’. చివర్లో పది నిమిషాలు, అయిదు నిమిషాలు మిగిలాయని చెప్పే పిలుపులు, ఆఖరికి ‘స్టాప్, అన్‌లోడ్’. దీన్ని స్పీకర్‌లో పెట్టుకుని మ్యాచ్ వేయండి. మొదటిసారి విన్నప్పుడు ‘స్టార్ట్’ అనగానే గుండె దడదడలాడుతుంది. ఆరోసారికి ఆ మాట మామూలు మాటైపోతుంది. మ్యాచ్ రోజు టెన్షన్ తగ్గడానికి నాకు ఇంతకన్నా పనికొచ్చింది ఇంకొకటి లేదు.

నిశ్శబ్దం కోసం చూడకండి. మా రేంజ్‌కి రెండు సందుల అవతల ఒక కల్యాణ మండపం ఉంది. మాఘమాసం ముహూర్తాల్లో సన్నాయి, డోలు, మధ్యమధ్యలో టపాకాయలు. మొదట్లో ఆ రోజుల్లో రేంజ్‌కి వెళ్లేవాణ్ణి కాదు. ఇప్పుడు కావాలనే ఆ రోజుల్లోనే పూర్తి మ్యాచ్ పెట్టుకుంటాను. పెద్ద మ్యాచ్‌లో పక్క లేన్ అతని కుర్చీ కిర్రుమంటుంది, వెనక ఎవరో దగ్గుతారు, ఎవరి ఫోనో మోగుతుంది. సన్నాయి మేళంలో టెన్ వేసినవాడికి ఆ దగ్గు వినిపించదు.

ఆ 15 నిమిషాలు

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. నేను చూసిన పాడైన మ్యాచ్‌లలో సగం సైటింగ్ టైమ్‌లోనే పాడయ్యాయి. 30 సైటర్లు వేసి చెయ్యి అలిసిపోయి మ్యాచ్ మొదలుపెట్టేవాళ్లు, నాలుగు టెన్‌లు వరసగా పడేదాకా ఆపనివాళ్లు, ప్రతి షాట్‌కీ సైట్ (పిస్టల్ మీద గురి చూసే భాగం) క్లిక్‌లు తిప్పేవాళ్లు, అందరినీ చూశాను.

నా పద్ధతి ఇది. మొదటి మూడు నిమిషాలు నిలబడే తీరు సరిచూసుకోవడం. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి, కళ్లు తెరిచి చూస్తే పిస్టల్ టార్గెట్‌కి కుడికో ఎడమకో ఉందా? ఉంటే చెయ్యి జరపొద్దు, పాదాలు జరపండి. తర్వాత నాలుగైదు డ్రై షాట్లు. ఆపై 10 నుంచి 12 సైటర్లు, అంతకు మించొద్దు. అయిదు షాట్ల గుంపు ఒకే వైపు పడితే అప్పుడు క్లిక్ తిప్పండి. ఒక్క షాట్ పక్కకు పోతే సైట్‌ని ముట్టుకోవద్దు, అది సైట్ తప్పు కాదు. 13వ నిమిషానికి ఆపేయండి. ఒక గుక్క నీళ్లు తాగి, చెయ్యి తుడుచుకుని, కళ్లని దూరంగా గోడ మీదో నేల మీదో ఉంచండి. మిగిలిన రెండు నిమిషాలూ ఏమీ చేయకుండా నిలబడటం చాలా కష్టం. కష్టం కాబట్టే దాన్ని కూడా ప్రాక్టీస్ చేయాలి.

ఇక మొదటి షాట్. గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చే ఒక పదో తరగతి అమ్మాయి ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి షాట్ ఏడో ఎనిమిదో వేసేది. తర్వాత చక్కగా పుంజుకునేది.

“అన్నా, స్టార్ట్ అనగానే చెయ్యి ఆగట్లేదు,” అంది.

“చెయ్యి ఎవరిదీ ఆగదమ్మా. నా చెయ్యీ ఆగదు. ఆ ఊపు ఉండగానే ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతూ పోవాలి. అది ఆగాక నొక్కుదామని చూస్తున్నావు, అందుకే లాగేస్తున్నావు.”

ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను. రేంజ్‌కి రాగానే, వార్మప్ లేకుండా, సైటర్ లేకుండా ఒక్క షాట్ వేసి నోట్‌బుక్‌లో రాయాలి. ఆ తర్వాతే మిగతా ప్రాక్టీస్. నెల తిరిగేసరికి నోట్‌బుక్‌లో పాతిక మొదటి షాట్లు పోగయ్యాయి. మొదటి వారంలో 7, 8, 6, 9. చివరి వారంలో 9, 10, 9, 9, 10. రోజుకి ఒక్క పెల్లెట్ ఖర్చయ్యే ప్రాక్టీస్ ఇది. మీరూ చేయండి.

దించడం, ఆగడం

చెయ్యి ఎత్తి ఎనిమిది, పది సెకన్లు దాటినా షాట్ రాకపోతే దించేయండి. ఈ మాట అందరికీ తెలుసు. మ్యాచ్‌లో మాత్రం దించం. ‘ఇంత సేపు పట్టుకున్నాను కదా, వేసేద్దాం’ అనిపిస్తుంది, వేస్తాం, ఎనిమిది పడుతుంది. అందుకే ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఒక సిరీస్‌ని ఇలా వేయండి: ప్రతి మూడోసారి చెయ్యి ఎత్తినప్పుడు గురి ఎంత బాగున్నా సరే దించేయాలి. నాలుగు రోజులు చేస్తే దించడమంటే ఓడిపోవడం కాదని చేతికి అర్థమవుతుంది.

విశ్రాంతి కూడా ముందే రాసి పెట్టుకోండి. నేను 20వ షాట్ తర్వాత రెండు నిమిషాలు, 40 తర్వాత మూడు నిమిషాలు కూర్చుంటాను. బాగా పడుతున్నా కూర్చుంటాను. పడనప్పుడు మాత్రమే ఆగితే ఆ విరామం భయంతో నిండిపోతుంది.

టైమ్ తరుముకొచ్చే రోజు కోసం కూడా ఒక సాధన ఉంది. వారానికి ఒకసారి పది నిమిషాలకి టైమర్ పెట్టి 12 షాట్లు వేయండి. ఒక్కోదానికి 50 సెకన్లు వస్తుంది. ఫైనల్స్‌లో సింగిల్ షాట్‌కి ఇచ్చేదీ 50 సెకన్లే కాబట్టి రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ముగ్గురు నలుగురు స్నేహితులుంటే ఒక్కొక్కరు ఒక షాట్ వేసి, తక్కువ వచ్చినవాళ్లు తప్పుకుంటూ ఫైనల్‌లా ఆడండి.

ఆగిపోయినప్పుడు

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ (ఫైనల్‌కి చేర్చే 60 షాట్ల మ్యాచ్) మధ్యలో ఉండగా పిస్టల్ పాడైంది. బాగుచేసుకుని వచ్చేసరికి చాలా సమయం పోయింది, పోయిన సమయం తిరిగి ఇవ్వరు. మిగిలిన షాట్లన్నీ తొందరలో వేసి 575 చేసినా ఫైనల్ కొద్దిలో చేజారింది. 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో 580తో ఫైనల్‌కి వెళ్లి కాంస్యం గెలిచింది.

తప్పు రేంజ్ వైపు ఉంటే లెక్క వేరు. టార్గెట్ ఆగిపోయి మూడు నిమిషాలకి మించి పోతే ఆ సమయం అడిగి తీసుకోవచ్చు. అయిదు నిమిషాలు దాటితే మళ్లీ సైటర్లు కూడా ఇస్తారు. ఇది తెలియక ఊరుకునే పిల్లలు చాలామంది. చెయ్యి ఎత్తి అధికారిని పిలవడం కూడా ప్రాక్టీస్‌లో ఒకసారి చేసి చూడండి. కరెంటు పోయిన రోజు రేంజ్ నుంచి వెళ్లిపోకండి. మళ్లీ వచ్చేదాకా కుర్చీలో కూర్చుని, వచ్చాక ఆగిన చోటు నుంచే మ్యాచ్ పూర్తి చేయండి.

పిస్టల్ గాలి సిలిండర్ ప్రెషర్ ప్రతి పూర్తి మ్యాచ్‌కి ముందు చూసుకోండి. తయారైన తేదీ నుంచి పదేళ్లు దాటిన సిలిండర్‌ని తనిఖీలో అనుమతించరు, తేదీ దాని మీదే ఉంటుంది. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదు. సరిగ్గా 500 దగ్గర పెట్టుకోకుండా ఇంకో పది గ్రాములు ఎక్కువే పెట్టుకోండి.

చివరి మూడు రోజులు

కొత్తగా ఏమీ చేయొద్దు. గ్రిప్‌కి పుట్టీ రాయడం, కొత్త బూట్లు, వేరే కంపెనీ పెల్లెట్లు, ఇవన్నీ మ్యాచ్ అయ్యాక చూసుకోవచ్చు. మ్యాచ్‌కి ముందు రోజు 20 షాట్లు చాలు. బాగా పడుతున్నప్పుడే ఆపేయండి.

విజయవాడ మే నెల ఎండలో ప్రాక్టీస్ చేసిన చెయ్యి చెమటకి అలవాటుపడి ఉంటుంది. ఏసీ రేంజ్‌లో గ్రిప్ పొడిగా, వదులుగా అనిపిస్తుంది. జాతీయ పోటీలకి చలికాలంలో ఢిల్లీలోని తుగ్లకాబాద్ కర్ణీ సింగ్ రేంజ్‌కి వెళ్తే ఇంకో కష్టం, ట్రిగ్గర్ వేలికి స్పర్శ తెలియదు. షాట్‌కీ షాట్‌కీ మధ్య చెయ్యి జేబులో పెట్టుకోవడం, లేకపోతే చిన్న తువాలులో చుట్టుకోవడం ఇక్కడే అలవాటు చేసుకోండి.

మ్యాచ్ రోజు పొద్దున రెండు మూడు ఇడ్లీలు, రెండు గంటల ముందు. రోజూ కాఫీ తాగేవాళ్లు ఆ రోజు మానొద్దు, తాగనివాళ్లు కొత్తగా మొదలుపెట్టొద్దు. ఒక ముఖ్యమైన మాట: బీపీకీ, మైగ్రేన్‌కీ, ఆందోళనకీ ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు షూటింగ్‌లో నిషేధం, పోటీ లేని రోజుల్లో కూడా. అలాంటి మందు వాడుతుంటే సొంతంగా మానేయకండి. మీరు షూటర్ అని డాక్టర్‌కి చెప్పి మాట్లాడండి.

మ్యాచ్ అయ్యాక

లేన్ నుంచి బయటికి రాగానే స్కోర్ బోర్డు దగ్గరికి వెళ్లొద్దు. ఒక మూల కూర్చుని, గుర్తున్నంతవరకు రాసుకోండి. ఏ సిరీస్‌లో ఏమనిపించింది, ఎక్కడ తొందరపడ్డారు, ఏ షాట్ వేయకుండా దించాల్సింది. నా డైరీలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

‘5వ సిరీస్, 3వ షాట్. 7, ఎడమ కింద. వేయగానే నేను అనుకున్నది 9. రెండుసార్లు ఎత్తి దించాను, మూడోసారి దించడానికి మొహమాటపడ్డాను. ట్రిగ్గర్ లాగేశాను.’

ఇది రాశాకే స్కోర్ షీట్ చూసి పోల్చుకోండి. షాట్ ఎక్కడ పడిందని మీరు అనుకున్నారో, అది నిజంగా అక్కడే పడిందా? రెండూ కలిస్తే మీ చూపు బాగుంది, చేతిని దిద్దుకుంటే చాలు. కలవకపోతే షాట్ పేలిన క్షణంలో మీరు సైట్‌ని చూడటం లేదన్నమాట. ముందు ఆ పని మీద పడాలి. కుడిచేతివాళ్లకి ఎడమ కింద పడే షాట్లు ఎక్కువగా ట్రిగ్గర్ లాగేయడం వల్ల వస్తాయి.

మ్యాచ్ పోయిన కోపంలో అదే రోజు అక్కడే ఇంకో వంద షాట్లు వేయాలనిపిస్తుంది. వేయొద్దు. అలిసిన చేత్తో, మండుతున్న మనసుతో వేసేవన్నీ ఆ తప్పునే గట్టిపరుస్తాయి. ఆ రాత్రి రైల్లో పడుకోండి. మర్నాడు విశ్రాంతి.

రెండో రోజో మూడో రోజో రేంజ్‌కి వెళ్లి, తప్పిన భాగం మాత్రమే మళ్లీ వేయండి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. అయిదో సిరీస్ పాడైందని తాజా చేత్తో పది షాట్లు వేసి 95 చూసి తృప్తి పడతారు. అయిదో సిరీస్ పాడైంది 40 షాట్ల తర్వాత. కాబట్టి ముందు 40 డ్రై షాట్లు మ్యాచ్ టైమ్‌తోనే వేయండి. భుజం బరువెక్కాలి, బుర్ర అలసిపోవాలి. అప్పుడు పెల్లెట్ పెట్టి 20 షాట్లు వేయండి. నేను ఆ హైదరాబాద్ మ్యాచ్ తర్వాత ఇలా ఆరు వారాలు, వారానికి రెండుసార్లు చేశాను. మొదటి రోజు ఆ 20 షాట్లకి 172 వచ్చింది. ఆరో వారంలో 184.

బాగా ఆడిన మ్యాచ్‌ని కూడా ఇలాగే రాసుకోండి. టెన్ పడిన ప్రతిసారీ శ్వాస ఎక్కడ ఆగింది, ఎన్నో సెకనులో షాట్ వచ్చింది, కళ్లు ఎక్కడున్నాయి.

వారం తర్వాత ఇంకో పూర్తి మ్యాచ్ వేయండి, అదే రికార్డింగ్‌తో, అదే డీటెయిల్ టైమ్‌కి. టోటల్ కన్నా ముందు ఆరు సిరీస్‌ల అంకెలూ వరసగా రాసి, పాత మ్యాచ్ అంకెల కింద పెట్టి చూడండి. 93, 94, 92, 93, 87, 84 కింద నాకు ఆ రోజు పడినవి 92, 92, 93, 91, 92, 91.